గిరాకీ కాదు, అవసరం: కమలాపురం వైపు నుండి టెలిఫోను చరిత్ర

పల్లెలకు టెలిఫోను ఆలస్యంగా రావడానికి గిరాకీ లేకపోవడమే కారణమని చాలాకాలం చెప్పారు. పేదరైతుకు ఫోనుతో యేం పని అన్న ప్రశ్న చదువుకున్నవాళ్ల నోటనే నేను చాలాసార్లు విన్నాను. యీ వాదంలో పస యెంతో కడప జిల్లా కమలాపురం వైపు నుండి చూస్తే తెలుస్తుంది.

పాపఘ్ని పెన్నలో కలిసే చోట వున్న యీ వూరికి తీగ కొత్త కాదు. మద్రాసు, బొంబాయి రైలుమార్గాలు 1871లో రాయచూరు దగ్గర కలిశాయి. ఆ దారి కమలాపురం మీదుగానే పోతుంది. పట్టాల వెంట తంతి స్తంభాలూ నడిచాయి. 1857 తిరుగుబాటును అణచడంలో తంతి విలువ తెలుసుకున్న ప్రభుత్వం, 1885 టెలిగ్రాఫు చట్టంలో తీగ మీద సర్వాధికారం తనదేనని రాసుకున్నది. చేలలో కలుపు తీసేవాళ్లకు తీగ కనబడేది, దాని మీది పిట్టలు కనబడేవి. అందులో పోయే మాట వాళ్లది కాదు. డబ్బిచ్చి తంతి కొట్టించుకోవచ్చు, నిజమే. కాని మాటకు యింతని లెక్క గనుక పేదయింటికి తంతి వచ్చిందంటే చావుకబురే. విప్పకముందే యేడుపు మొదలయ్యేది.

టెలిఫోను మరీ దూరం. 1882లో కలకత్తా, బొంబాయి, మద్రాసుల్లో తొలి ఎక్స్ఛేంజీలను వొక ప్రైవేటు కంపెనీ తెరిచింది. 1947 నాటికి దేశం మొత్తానికి వున్నవి సుమారు 80 వేల ఫోన్లు. తరువాత తాలూకా కేంద్రాల తపాలాఫీసులకు పబ్లిక్ ఫోన్లు వచ్చాయి. చిన్న వూరు అడిగితే మాత్రం, రాబడి చాలకపోతే నష్టం భరిస్తామని హామీ యిమ్మనేవారు. ఆ హామీ యివ్వగలిగినవాడు తన యింట్లోనే ఫోను పెట్టించుకోగలడు గదా! ట్రంకు కాలుకు మామూలు, అర్జెంటు, లైట్నింగు అని మూడు తరగతులు. అర్జెంటుకు రెండింతలు, లైట్నింగుకు యెనిమిదింతలు. రైలుపెట్టెల్లాగే మాటకూ తరగతులు!

వూళ్లో షావుకారి ఫోనే శుభలేఖల మీద ‘పి.పి.’ అన్న రెండక్షరాలతో అందరి ఫోను అయింది. ఇందులో మంచితనం లేదని నేననను. కాని వేరుశెనగ కొనేవాడూ అతడే. ఆదోని ధర అతడి చెవిన ముందు పడుతుంది. రైతు చెవిన అతడు చెప్పిందే పడుతుంది. అవసరం లేదని యెవరన్నారు?

1990 ఆగస్టు 2న ఇరాక్ సైన్యం కువైట్‌లో ప్రవేశించింది. అప్పటికే కడప జిల్లా పల్లెల నుండి ఆడవాళ్లు యింటిపనికి, మగవాళ్లు కూలికి అక్కడికి వెళ్లి వున్నారు. కువైట్‌తో తీగలు తెగిపోయాయి. అమ్మాన్ మీదుగా లక్షకు పైగా భారతీయులను విమానాల్లో తెచ్చారు. అమ్మాన్‌లోనో బొంబాయిలోనో దిగిన తల్లి, తాను బతికివున్నానని పిల్లలకు చెప్పాలంటే యే నంబరు తిప్పాలి? తన పల్లెకు నంబరే లేదు. వుత్తరం చేరేదాకా ఆ యిల్లు తెలియకుండానే వుండాలి. యీ నిరీక్షణ యే గిరాకీ లెక్కలోకీ రాలేదు.

సాధనం లేక అలా జరిగిందా అంటే, కాదు. చల్లటి గది అక్కరలేని, దుమ్మూ యెండా తట్టుకునే 128 లైన్ల పల్లె ఎక్స్ఛేంజీని సి-డాట్ ఇంజనీర్లు 1986లోనే కర్ణాటకలోని కిత్తూరులో నడిపి చూపించారు. రాయలసీమ యెండకు అదే కావలసింది. అయినా 1994 టెలికాం విధానపత్రం ప్రకారం 5,76,490 గ్రామాల్లో ఫోను అందినవి సుమారు లక్షా 40 వేలే. 1997 కల్లా అన్నిటికీ యిస్తామన్నారు, యివ్వలేదు. ప్రైవేటు కంపెనీలు లైసెన్సుతోపాటు పల్లెఫోన్ల బాధ్యతనూ వొప్పుకున్నాయి. పట్నాల్లో లాభం కనబడ్డాక అవి పల్లెల్లో చాలావరకు పెట్టనేలేదు.

పసుపురంగు ఎస్.టి.డి. బూత్‌లను మాత్రం నేను చిన్నచూపు చూడను. కాళ్లు లేనివాడికి, మాజీ సైనికుడి భార్యకు జీవనోపాధి అయ్యాయి. మండల కేంద్రానికి నడిచివచ్చిన మనిషికి తెరిచిన తలుపు అయ్యాయి. సెల్‌ఫోను వచ్చి వాటిని మూసింది. 2023 జనవరి 1 నుండి ఉపాధి పనుల హాజరు ఫోనులోనే ఎక్కించడం తప్పనిసరి చేశారు. చెరువు కట్ట మీద సిగ్నలు అందని పూట, తట్ట మోసిన మనిషి పేరు ఆ లెక్కలో పడక చిక్కు వచ్చేది.