అప్పారావుపేట డిటెక్టివు

తెలుగు సినిమాలో తొలి గొప్ప హాస్య డిటెక్టివు 'మిస్సమ్మ'లోని ఎ.కె. రాజు. విజయా సంస్థ నిర్మించి, ఎల్.వి. ప్రసాద్ దర్శకత్వం వహించిన ఈ చిత్రం 1955 జనవరిలో విడుదలైంది. అప్పటికి హాస్య డిటెక్టివు పాత్ర ప్రపంచ సినిమాకి పాతదే. 1924లో బస్టర్ కీటన్ 'షెర్లాక్ జూనియర్'లో డిటెక్టివు కావాలని కలలుగనే సినిమా ఆపరేటరుగా నటించాడు. అతను కలలో ఘనకార్యాలు చేస్తుండగా అసలు దొంగతనం గుట్టు కనిపెట్టింది ప్రియురాలు. 1927లో లారెల్, హార్డీ 'డూ డిటెక్టివ్స్ థింక్?' అనే రెండు రీళ్ల చిత్రంలో ఒక జడ్జికి కాపలా కాయబోయి తామే హడలిపోయారు.

తెలుగులో పొట్టి హాస్యచిత్రాలు 1940 ప్రాంతంలో కొన్ని వచ్చాయి గాని ఆ ఒరవడి నిలవలేదు. అందువల్ల డిటెక్టివుకి పెద్ద సినిమాలోనే, అదీ ఒక కుటుంబకథ నడుమ, చోటు దొరికింది. రచయిత చక్రపాణి రవీంద్రనాథ్ మైత్ర నాటకం 'మన్మొయీ గర్ల్స్ స్కూల్'కి శరదిందు బందోపాధ్యాయ కథ 'డిటెక్టివ్'ని జోడించారు. డిటెక్టివు బ్యోంకేశ్ బక్షిని సృష్టించింది కూడా ఈ శరదిందుగారే.

అప్పారావుపేట జమీందారు పెద్దకూతురు మహాలక్ష్మి చిన్నప్పుడే తప్పిపోతుంది. ఆమెను వెతికే పని మేనల్లుడు రాజు నెత్తినేసుకుంటాడు. ఉన్న ఆధారమల్లా కుడిపాదం మీది పుట్టుమచ్చ. పరాయి ఆడదాని పాదం చూడాలంటే ఎన్ని తిప్పలు పడాలో అన్నీ పడతాడు. 'దేవదాసు'తో పడిన విషాద నాయకుడి ముద్ర చెరుపుకోవాలని అక్కినేని నాగేశ్వరరావు ఈ పాత్రను కోరి తీసుకున్నారు. ఇక్కడ నవ్వు జారిపడటంలో లేదు, ప్రతి మాటనీ అనుమానించే ఆ బింకంలో ఉంది. పైగా కీటన్‌కి దక్కనిది రాజుకు దక్కింది: అతని అనుమానం చివరికి నిజమౌతుంది. ఈ పాత్రను తమిళంలో తంగవేలు, హిందీ 'మిస్ మేరీ' (1957)లో కిశోర్ కుమార్ పోషించారు.

తెలుగు 'మిస్సమ్మ'లో దేవయ్యగా కనిపించే రేలంగి వెంకట్రామయ్యది కోనసీమ. ఆయన 1910లో రావులపాలెం దగ్గరి రావులపాడులో పుట్టారు. సి. పుల్లయ్య 'శ్రీకృష్ణతులాభారం' (1935)తో తెరకెక్కినా, పేరొచ్చింది 'గుణసుందరి కథ' (1949)తోనే. 1970లో పద్మశ్రీ అందుకున్నారు. డిటెక్టివు వేషం మరొకరిదైనా, 'మిస్సమ్మ' హాస్యంలో సగం బరువు రేలంగి, రమణారెడ్డి మోశారు.

కొమ్మూరి సాంబశివరావు డిటెక్టివు నవలల్లో యుగంధర్, సహాయకుడు రాజుల జంట గంభీరంగా కేసులు తేల్చేది. అలాంటి నవలల మీద పెరిగిన పాఠకులకు పరాచికంగా తోచే కథ 'చంటబ్బాయ్'. మల్లాది వెంకట కృష్ణమూర్తి నవలను జంధ్యాల 1986లో తెరకెక్కించారు. ఇందులో జేమ్స్ పాండ్‌గా తిరిగే పాండురంగారావు చిరంజీవి.  చిరంజీవి చాప్లిన్ వేషం కట్టిన పాట కూడా ఇందులోదే. మారువేషాల సందడి దాటాక, తప్పిపోయిన కొడుకుని వెతకడమే ఇక్కడా అసలు కేసు.

2019లో వచ్చిన 'ఏజెంట్ సాయి శ్రీనివాస ఆత్రేయ' నెల్లూరులో చిన్న ఏజెన్సీ నడిపే కుర్రాడితో నవ్విస్తూ మొదలై, శవాల చుట్టూ అల్లుకున్న నేరం వైపు మళ్లింది.