తులిప్ పువ్వును మన అగ్నిశిఖయు

తులిప్ పువ్వును పటములలోనైనను చూడనివారు నేడు అరుదు. శ్రీనగరమున దాల్ సరస్సు చెంత 2007వ సంవత్సరమున గొప్ప తులిప్ తోట తెఱచినది మొదలు ఆ పువ్వుపై మనవారికి మోజు మఱింత హెచ్చినది. ఆ గడ్డలను తెచ్చి మన పెరటిలో పెంచరాదా యని తోటపని యందు ప్రీతి గలవారు తఱచుగా అడుగుచుందురు. పెంచవచ్చును గాని, అది యొక ఋతువునకు వచ్చిపోవు చుట్టమే. తులిప్ గడ్డకు పండ్రెండు వారములకు తక్కువ కాని గట్టి చలి తగిలిననే గాని మొగ్గ సరిగా సాగదు. వేసవిలో 45 డిగ్రీల యెండ కాయు కొత్తగూడెమునను భద్రాచలమునను ఆ చలి యెక్కడిది? శీతలయంత్రమున దాచిన గడ్డ నొకమాఱు పూయింపవచ్చును. మఱుసటి యేటికి అది పనికిరాదు.

ఐనను ఈ ప్రశ్నను నే నంత తేలికగా త్రోసివేయజాలను. అడవిలో దానంతటది పుట్టిన పువ్వును మానవుడు ఇంటి ముంగిటికి తెచ్చుకొనుట యను వేడుకకు తులిప్ చరిత్రము గొప్ప నిదర్శనము. ఆ చరిత్రమును తెలిసికొన్నచో మన గోదావరి యడవులలో నున్న దానిని చూచు చూపు కూడ మాఱును.

అడవి తులిప్పుల పుట్టినిల్లు మధ్య ఆసియా కొండసీమలు. అచ్చట చలికాలము కఠినము, వేసవి నిర్జలము. ఈ రెంటి నడుమ నున్న కొద్ది వారముల వసంతములో మొలచి, పూచి, గింజ కట్టి, మఱల నేలలోనికి ముడుచుకొని పోవుటకే ఆ మొక్క గడ్డ నేర్పఱచుకొన్నది. అడవి జాతులు తోట తులిప్పులంత పెద్దవి కావు. జానెడు, మూరెడు కాడలపై చిన్న పూవులు పూయును. బాబరు చక్రవర్తి కాబూలు కొండల నంటి పూచిన తులిప్పుల తెగలను లెక్కింపజేయగా 32 గాని 33 గాని తేలినట్లు తన స్వీయచరిత్రమున వ్రాసికొనెను. యుద్ధములతో తీరిక లేని మనుజుడు పూల లెక్క తీయించుట వింత కాదా! ఆ జాతులలో నొకటి పశ్చిమ హిమాలయములలో నేటికిని కొండవాలులపై పూచుచున్నది. దానికి క్లూసియస్ అను వృక్షశాస్త్రజ్ఞుని పేర నామకరణము జరిగినది.

ఆ క్లూసియసే ఐరోపాలో తులిప్పునకు పెద్దదిక్కు. తుర్కీ సుల్తానుల తోటలలో అప్పటికే పెంపుడు పువ్వైన తులిప్ 16వ శతాబ్దమున వియన్నా చేరినది. క్లూసియస్ 1593లో హాలెండు దేశములోని లైడెన్ విద్యాపీఠపు తోటకు వచ్చుచు గడ్డలను వెంట తెచ్చెను; 1594 వసంతమున అవి పూచినవి. తరువాతి కథ లోకవిదితము. చారలు దీరిన పూవుల కొఱకు డచ్చివారు వెఱ్ఱియెత్తి, నేలలో నున్న గడ్డలను కాగితములపైననే కొని యమ్మిరి. 1637 ఫిబ్రవరిలో ఆ బేరము కుప్పగూలెను. అంత విలువ కట్టిన ఆ చారలు గడ్డకు సోకిన తెగులు వలన గలిగినవని 1928లో గాని తెలియరాలేదు. రోగమునకు రాజభోగ మన్నమాట. కాని యిందు నాకు తోచు ముఖ్య విషయము వేఱు. బేరమాడిన యా డచ్చి వర్తకులలో నెంతమంది ఆ పువ్వు పుట్టిన కొండను చూచియుందురు?

ఇక మన సీమకు వత్తము. ఖమ్మమునకును భద్రాచలమునకును నడుమ నున్న అడవి చాలకాలము రెండు రాజ్యముల పొలిమేర. 1860లో నిజాము ప్రభువు గోదావరి కెడమగట్టున నున్న భద్రాచలము సీమను ఆంగ్లేయుల కిచ్చివేసెను. మొదట మధ్యపరగణాలలో చేరిన ఆ తాలూకా 1874లో మద్రాసు రాజధానిలోని గోదావరి జిల్లాకు వచ్చినది. కుడిగట్టున పాల్వంచ, ఖమ్మము సీమలు 1948 వఱకు నిజాము రాష్ట్రమున నుండెను. 1959లో భద్రాచలము ఖమ్మము జిల్లాలో కలిసినది. 2014లో పోలవరము ఆనకట్ట నిమిత్తము చింతూరు, కూనవరము మొదలగు మండలములు ఆంధ్రప్రదేశమునకు పోయినవి. 2016లో ఈవలి భాగము భద్రాద్రి కొత్తగూడెము జిల్లా యైనది. ఇన్నిమాఱులు గీతలు మాఱినను, ఏటి కిరుప్రక్కలను మొలచునది ఒకే యడవి.

ఈ యడవిలోని గడ్డజాతి పూలమొక్కలు తులిప్పు పన్నిన ఉపాయమునే తలక్రిందు చేసి పన్నినవి. తులిప్పునకు శత్రువు చలియు వేసవియు. వీనికి శత్రువు వాన లేని యెనిమిది నెలలు. కనుక తొలకరి మొదలు కార్తికము వఱకు జీవించి, తక్కిన కాలము నేలలో నిద్రించును. అడవి యుల్లి యింకను సాహసి: ఆకు లేకయే నడివేసవిలో కాడ నెత్తి పూచును, ఆకు వానలకు తరువాత వచ్చును. నేలతాడి పసుపుపచ్చని చుక్కవలె నేల నంటి పూయును. చెంగల్వకోష్ఠు తెల్లని పూవులతో వాగుల గట్ల నలంకరించును. వీని యన్నిటిలో రాణి యనదగినది అగ్నిశిఖ.

మృగశిర కార్తెలో జల్లులు పడగానే అగ్నిశిఖ తుప్పల నడుమ మొలచును. దీనికి వేఱుగ నులితీగెలుండవు. ఆకు కొనయే తీగెవలె చుట్టుకొని ప్రక్క కొమ్మను పట్టుకొనును. శ్రావణ భాద్రపదములలో పూచును. తులిప్పున కున్నట్లే దీనికిని ఆఱు ఱేకులు; అవి దొప్పవలె ముడుచుకొనక, అంచులు అలలు దీర వెనుకకు విఱిగి పైకి లేచును. మొదట ఆకుపచ్చగా నుండి, మొదళ్లు పసుపై, కొనలు ఎఱ్ఱనై, వడలుకాలమునకు పువ్వంతయు నిప్పుముద్దవలె నగును. పేరు పెట్టినవాడు కన్నులారా చూచియే పెట్టెను.

ఆ పేరు నిన్నటిది కాదు. అమరకోశములోని వనౌషధివర్గమున అగ్నిశిఖ యనియు, లాంగలి యనియు నీ మొక్క పేర్కొనబడినది. లాంగల మనగా నాగలి. గడ్డను త్రవ్వి చూచినచో నాగలివలె వంగి రెండు కొమ్మలై యుండును. తెలుగున దీనిని అడవినాభి యనియు పొత్తిదుంప యనియు నందురు. నాభి యనగా విషమని మన పెద్దలకు తెలియును. కనుక పేరులోనే హెచ్చరిక యున్నది. ఆయుర్వేదము దీనిని ఉపవిషములలో చేర్చి, గోమూత్రమున శుద్ధి చేయక వాడరాదని విధించినది.

డచ్చివారు మఱల నిచ్చట మనకు కనబడుదురు. 17వ శతాబ్ది ఆరంభముననే మచిలీపట్టణమున వర్తకము పెట్టిన యా జాతివాడే, కొచ్చిన్ పాలకుడైన వాన్ రీడ్ అనునాయన, ఇట్టి అచ్యుతన్ మొదలగు మలయాళ వైద్యుల సాయమున మలబారు మొక్కలపై పండ్రెండు సంపుటముల గ్రంథమును 1678 మొదలు 1693 వఱకు ఆమ్‌స్టర్‌డామున ప్రకటింపజేసెను. అందు అగ్నిశిఖ తన మలయాళ నామమైన మేంతోన్ని పేరుతో నెక్కినది. ఆ పేరే లాటినులో మెథోనికా యైనది. 1753లో లిన్నేయస్ దానిని కాదని గ్లోరియోసా సుపర్బా అని పేరిడెను; గొప్పది, వైభవము గలది యని యర్థము. పొగడ్త బాగుగనే యున్నది గాని, నాగలినిగాని నిప్పునుగాని చూపు మన పేరులకు సాటి రాదని నా యభిప్రాయము. ఈ పువ్వు ఆఫ్రికా ఖండమునను సహజముగా పెరుగును. 1947లో దక్షిణ రొడీషియాకు వచ్చిన ఎలిజబెత్ రాకుమారికి ఈ పువ్వు రూపున వజ్రాల పతకము చేయించి బహూకరించిరి. నేడది జింబాబ్వే జాతీయపుష్పము; మన దేశమున తమిళనాడు తన రాష్ట్రపుష్పముగా గైకొన్నది.

మన యడవిలో దీనిని నిజముగా నెఱిగినవారు కోయలును కొండరెడ్లును. 1941లో ఈ గోదావరి కొండలలో కొండరెడ్ల నడుమ నుండి వారి జీవితమును పరిశీలించిన హైమెన్‌డార్ఫ్ పండితుడు 1945లో ప్రకటించిన గ్రంథమున, ధాన్యము నిండుకొన్న నెలలలో వారు కోలకఱ్ఱతో అడవిదుంపలను త్రవ్వి బ్రదుకుట వర్ణించెను. ఏ తీగె దుంప తినదగినది, ఏది ఉడికించి పారునీట నానబెట్టినగాని తినరానిది, ఏది ముట్టరానిది యను తెలివి లేనిదే ఆ బ్రదుకు సాగదు. వాన వెలిసి ఆకు రాలినపిమ్మట నేలపై గుర్తే యుండదు. ఎండిన తీగె ముక్కను చూచి లోని దుంపను చెప్పగలుగుట యొక శాస్త్రము. బడి పుస్తకమున లేదని దానిని శాస్త్రము కాదనరాదు. ఆనకట్ట ముంపునకు ఊళ్లు తరలిపోవుచున్న ఈ కాలమున, ఆ తెలివి తనకు పనిచెప్పు అడవి నుండి దూరమగుచున్నది. క్రొత్త కాలనీలో ఇల్లు కట్టి యీయవచ్చును. ఆ తుప్పను, ఆ వాగుగట్టును కట్టి యీయగలమా?

ఇంకొక యాపద గలదు. అగ్నిశిఖ గడ్డలోను, గింజలోను కొల్చిసిన్ అను తీవ్రమైన ద్రవ్య మున్నది. కీళ్లవాతమునకు అది మందు. 1937లో అది మొక్కల జీవకణములలోని క్రోమోజోములను రెట్టింపు చేయునని తేలినపిమ్మట, క్రొత్త వంగడముల సృష్టికి కూడ దాని నుపయోగించిరి. గిరాకి పెరిగిన కొలది దేశమున పలుచోట్ల అడవిగడ్డలను త్రవ్వి అమ్ముట సాగినది. గడ్డను త్రవ్విన మొక్క తిరిగి రాదు గదా. తమిళనాడున కరూరు, దిండుక్కల్లు ప్రాంతముల రైతులు మాత్రము దీనిని పందిరి వేసి పైరుగా పండించి గింజ నమ్ముచున్నారు. అచ్చట కూలివారు ప్రొద్దున పూవు పూవునకు పుప్పొడిని చేతితో నంటింతురు. అడవి తులిప్పులకును తుర్కీ కొండలలో ఈ గతియే పట్టినది. తోటల సరదా తీర్చుటకు కొండలను త్రవ్విరి.

కావున పెరటిలో అగ్నిశిఖను పెంపదలచువారు కిన్నెరసాని యడవికి గాని పాపికొండలకు గాని పలుగు పట్టుకొని పోరాదు. అవి రక్షితవనములు, చట్టమును ఒప్పుకొనదు. నర్సరీలో పెంచిన గడ్డను కొనుట యొక దారి. కొనునపుడు కొన విఱుగని గడ్డను చూచి తీసికొనవలెను. మొలక కొననుండియే వచ్చును, అది విఱిగినచో గడ్డ యెంత పెద్దదైనను వ్యర్థము. రోహిణి కార్తె పోయి తొలి వాన పడిన పిమ్మట, ఇసుక కలిపిన ఎఱ్ఱమట్టిలో రెండు మూడంగుళముల లోతున గడ్డను అడ్డముగా పరుండబెట్టవలెను. నీరు నిలిచినచో కుళ్లును. ప్రాకుటకు వెదురు దడి గాని చిన్న పొద గాని చాలును. కార్తికము దాటి తీగె యెండగానే నీరు పూర్తిగా మానవలెను. చాలమంది మొక్క చచ్చినదని కుండీని పారబోయుదురు. అది నిద్రించుచున్నది గాని చావలేదు. పసిపిల్లలును పశువులును తిరుగు తావున మాత్రము నాటవలదు. గడ్డను చిలగడదుంప యని పొరబడి తిని ప్రాణములు గోల్పోయినవారు గలరు. త్రవ్విన చేతులను కడుగుకొనుట మఱువరాదు.

ఓపిక గలవారికి గింజ దారి మేలు. కాయ ముదిరి పగిలినపుడు లోపల ఎఱ్ఱని గింజలు వరుస దీరి కనబడును. వానిని నీడన నారబెట్టి దాచి, మఱుసటి తొలకరిలో కుండీలో చల్లవలెను. కొన్ని ఆలస్యముగా మొలచును; మొలచిన మొక్క తొలియేట జానెడైనను సాగక యెండిపోవును. రెండవ యేట కొంచెము పెరుగును. మూడవ నాల్గవ యేటి భాద్రపదమున మొదటి పువ్వు పూయును.