నానో కణం, భార లోహం: నీటిలో జతకడితే

పుదుచ్చేరి పట్టణానికి దక్షిణాన, కడలూరు వెళ్లే దారిలో ఉన్న మురుంగపాక్కం హస్తకళల గ్రామంగా పేరు పొందింది. శంకరాపరణి నదికి పాయ అయిన అరియాంకుప్పం నది ఈ ప్రాంతం పక్కగా సాగి బంగాళాఖాతంలో కలుస్తుంది. ఆటుపోట్లను బట్టి ఇక్కడి నీటి ఉప్పదనం మారుతూ ఉంటుంది. ఒడ్డున మడచెట్లు, బురదలో పీతలు, ఆల్చిప్పలు కనిపిస్తాయి. యానాం వాసులకు, కోరంగి మడ అడవులు చూసినవారికి ఈ దృశ్యం కొత్త కాదు. పట్టణాల నుంచి వచ్చే రెండు రకాల కాలుష్యాలు ఇటువంటి నదీముఖాల్లోనే కలుసుకుంటాయి.

మొదటిది మనకు తెలిసిన భార లోహాలు: కాడ్మియం, సీసం, పాదరసం వంటివి. రెండవది నానో కణాలు. మీటరులో వందకోట్లవ వంతు ఒక నానోమీటరు; 1 నుంచి 100 నానోమీటర్ల పరిమాణం గల రేణువులను నానో కణాలంటారు. ఎండ నుంచి కాపాడే లేపనాలలో టైటానియం డయాక్సైడ్, జింక్ ఆక్సైడ్, దుర్వాసన పట్టని దుస్తులలో వెండి ఈ రూపంలో ఉంటాయి. స్నానం చేసినా, బట్టలు ఉతికినా కొంత భాగం మురుగునీటిలో చేరుతుంది.

పదార్థం ఎంత చిన్న ముక్కలైతే దాని మొత్తం ఉపరితలం అంత పెరుగుతుంది. ఆ ఉపరితలానికి లోహ అయాన్లు అతుక్కుంటాయి. చేప ఆ రేణువును మింగితే లోహం కూడా దానితోపాటే లోపలికి వెళుతుంది. జీర్ణరసాల ఆమ్లత్వానికి అది రేణువును విడిచి కణజాలంలో చేరగలదు.

ఇది ఊహ కాదు. మన చెరువుల్లో బంగారుతీగగా పిలిచే కార్ప్ చేపలపై చైనా శాస్త్రవేత్తలు చేసిన ప్రయోగ ఫలితాలు 2007లో వెలువడ్డాయి. కాడ్మియం ఉన్న నీటిలో టైటానియం డయాక్సైడ్ నానో కణాలు కలిపినప్పుడు 25 రోజుల్లో చేపల్లో చేరిన కాడ్మియం 146 శాతం పెరిగింది. సహజమైన అవక్షేప రేణువులు కలిపితే అటువంటి పెరుగుదల కనిపించలేదు. ఆర్సెనిక్‌తో చేసిన ఇటువంటి ప్రయోగంలోనూ పెరుగుదల 132 శాతం. అయితే లీటరుకు 10 మిల్లీగ్రాముల చొప్పున వాడిన ఆ నానో కణాల మోతాదు సహజ జలాల్లో ఉండేదానికంటే చాలా ఎక్కువని గుర్తుంచుకోవాలి.

ఫలితం అన్ని జీవుల్లోనూ ఒకేలా ఉండదు. డాఫ్నియా అనే అతిచిన్న నీటిజీవికి ఇవే కణాల సమక్షంలో రాగి మరింత విషపూరితమైంది. ఒక ఆకుపచ్చ శైవలంలో మాత్రం కాడ్మియం తీవ్రత తగ్గింది. లోహాన్ని కణాలే పట్టి ఉంచడంతో శైవలానికి అందినది తక్కువ. అందువల్ల రెండు విషాల ప్రభావాన్ని కేవలం కూడి చెప్పడం కుదరదు.

నదీముఖంలో చిక్కు మరింత పెరుగుతుంది. ఉప్పునీటిలో నానో కణాలు గుంపులుగా చేరి అడుగున బురదలోకి దిగుతాయి. కాడ్మియం మాత్రం సముద్రపు క్లోరైడుతో కలిసి రేణువును వదిలి నీటిలోకి రాగలదు. అంటే పోటు వేళకు, పాటు వేళకు లెక్క మారిపోతుంది. నీటిని వడగట్టి తాగే ఆల్చిప్పలు, బురదను తినే పురుగులు, వాటిని తినే పీతలు ఈ మార్పులన్నిటినీ భరిస్తాయి.

ప్రమాణాలు మాత్రం ఒక్కొక్క పదార్థానికి విడివిడిగానే ఉన్నాయి. తాగునీటిలో కాడ్మియం లీటరుకు 0.003 మిల్లీగ్రాములు మించరాదని భారతీయ ప్రమాణం చెబుతోంది. తోడుగా నానో కణాలుంటే ఏమి చేయాలో చెప్పదు. వ్యవసాయ, ఆహార నానో ఉత్పత్తుల మూల్యాంకనానికి కేంద్రం 2020లో మార్గదర్శకాలు ఇచ్చింది. అవి ఉత్పత్తిని పరీక్షించేవి, నదిని కాదు. మరో చిన్న విషయం: నీటిలో కరిగిన లోహాన్ని కొలిచేటప్పుడు సాధారణంగా 450 నానోమీటర్ల రంధ్రాలున్న వడపోత వాడతారు. నానో కణం దాని గుండా సులువుగా జారిపోతుంది. అది మోస్తున్న లోహం కూడా కరిగిన లోహంగానే లెక్కలో పడుతుంది.

కాబట్టి నీటి నమూనా ఒక్కటే చాలదు. అమెరికా జాతీయ సముద్ర, వాతావరణ సంస్థ 1986 నుంచి తీరప్రాంతాల ఆల్చిప్పల మాంసంలో పేరుకున్న కాలుష్యాలను కొలుస్తోంది. మడ అడవుల అడుగు బురదను, అక్కడి ఆల్చిప్పలను కలిపి పరీక్షిస్తే, ఒక పూట తీసిన సీసాడు నీటిలో దొరకని సమాచారం లభిస్తుంది.