వివరించలేని గురువు, ఫ్రెంచి నేర్చిన శిష్యులు

పరభాష నేర్పడానికి ముందు వ్యాకరణం, తరువాత అనువాదం, చివరకు సంభాషణ అన్న క్రమం ఐరోపా పాఠశాలలలో చిరకాలం చెల్లుబాటయింది. ఈ క్రమాన్ని తలకిందులు చేసిన సంఘటన ఒకటి 1818లో లూవెన్ నగరంలో జరిగింది. దానికి మూలం ఒక ఉపాధ్యాయుని నిస్సహాయత కావడం విశేషం.

జోసెఫ్ జాకొతో 1770లో ఫ్రాన్సులోని దిజోన్‌లో జన్మించాడు. నెపోలియన్ పతనానంతరం బూర్బన్ వంశీయులు తిరిగి అధికారంలోకి రాగా, ఆయన స్వదేశం విడిచిపోవలసి వచ్చింది. నాడు నెదర్లాండ్స్ రాజ్యంలోనూ నేడు బెల్జియంలోనూ ఉన్న లూవెన్‌లోని విశ్వవిద్యాలయం ఆయనకు ఫ్రెంచి సాహిత్య బోధకునిగా ఆశ్రయమిచ్చింది. పాఠం వినవచ్చిన విద్యార్థులలో అనేకులకు ఫ్రెంచి రాదు. ఆయనకు వారి ఫ్లెమిష్ భాష రాదు. ఇక వివరణకు దారి ఎక్కడిది?

అప్పుడే ఫెనెలోన్ రచించిన ‘తెలెమాక్’కు మూలమూ అనువాదమూ కలిసిన ప్రతి బ్రస్సెల్స్‌లో వెలువడింది. జాకొతో ఒక దుభాషి ద్వారా విద్యార్థులకు పని పురమాయించాడు. అనువాదం తోడుగా ఫ్రెంచి పాఠాన్ని నేర్వాలి; నేర్చినదానిని పదేపదే వల్లెవేయాలి; తక్కిన భాగాన్ని కథ చెప్పగలిగేంతవరకు చదవాలి. కొంతకాలానికి, చదివినదానిపై తమ అభిప్రాయాన్ని ఫ్రెంచిలోనే రాయమన్నాడు. తప్పులతడకలను ఊహించిన ఆయనకు చక్కని వాక్యాలు ఎదురైనాయి. శిష్యునికి కావలసినది గురువు వివరణకంటె తన సొంత శ్రద్ధ అని ఆయన నిర్ణయించుకున్నాడు. 1823 నుండి తన విధానాన్ని గ్రంథరూపంలో ప్రకటించాడు. 1987లో తత్త్వవేత్త జాక్ రాన్సియేర్ ఈ ఉదంతాన్ని పునఃపరిశీలించిన పిదప ప్రపంచం దానిని మళ్ళీ గుర్తుచేసుకున్నది.

అయితే ఈ ఉదంతం అన్నిటికీ మందు కాజాలదు. ఆ విద్యార్థులు అక్షరాస్యులు, నేర్వగోరి వచ్చినవారు. పైగా ఫ్రెంచిలో రాసే అక్షరాలన్నీ పలకరు. పదాంతంలోని హల్లులు తరచు మూగవోతాయి. పుస్తకం అర్థం నేర్పగలదు గాని ఉచ్చారణ నేర్పలేదు.

ఆ లోటు తీర్చే దారి అమెరికాలో కనిపించింది. 1878లో ప్రావిడెన్స్ నగరంలో మాక్సిమిలియన్ బెర్లిట్జ్ పాఠశాల తెరచి, నికొలా జోలీ అనే ఫ్రెంచివానిని సహాయకునిగా పిలిపించాడు. ఆయనకు ఇంగ్లీషు మాట్లాడడం రాదని తరువాత తెలిసిందట. అంతలో తాను జబ్బుపడడంతో బెర్లిట్జ్, వస్తువులను చూపి పేర్లు చెప్పమనీ క్రియలను అభినయించమనీ జోలీకి సూచించాడు. కొన్ని వారాలకు తిరిగివచ్చేసరికి విద్యార్థులు ఫ్రెంచిలో ముచ్చటిస్తున్నారని ఆ పాఠశాల చెప్పుకునే కథ.

ఈ రెండు ఉదంతాలనూ కలిపి చూస్తే, ఇంటి అరుగుమీద ఫ్రెంచి నేర్పబూనిన స్నేహితునికి కావలసిన సామగ్రి స్వల్పమేనని బోధపడుతుంది. ఎదుటి పుటలో తెలుగు అర్థమున్న ఒక చిన్న కథ, గదిలోని బల్ల, కిటికీ, నీళ్ళచెంబు చాలు. కథను నేడు పది వాక్యాలు గట్టిగా చదివించి, రేపు వాటితోనే ప్రశ్నలు అడగాలి. మొదట ఉచ్చారణ వినిపించి అనిపించాలి; వ్యాకరణ సూత్రాన్ని అది అవసరపడిన వాక్యం వద్దనే చెప్పాలి. అన్నిటికీ మించి, శిష్యుడు మాట కోసం వెదుకుతున్నపుడు తొందరపడి అందించక కాస్త ఆగాలి. జాకొతో నోరు కట్టుబడి చేసిన పనిని, భాష తెలిసిన గురువు తెలిసి చేయడం మరింత కష్టం. అయినా శిష్యునికి ఆ మౌనం మేలు చేస్తుంది.