అరఖ్ అంటే చెమట

"శరాబ్ కాచే బట్టీ కనిపెట్టింది మీ ముస్లింలే కదా!" ఈ మాటను కొందరు ఎగతాళిగా అంటారు. మనలోనే ఇంకొందరు ఇదే మాటను ఫఖ్ర్‌గా వాట్సాప్‌లో పంపుకుంటారు. తారీఖ్ మాత్రం ఇద్దరి మాటా సగం వరకే ఒప్పుకుంటుంది.

ముందు పేర్లు చూద్దాం. ఆల్కహాల్ అన్న మాట అరబ్బీ 'అల్ కుహ్ల్' నుంచి వచ్చింది. కుహ్ల్ అంటే మనం కళ్ళకు పెట్టుకునే సుర్మా. మెత్తగా నూరిన పొడికి ఉన్న ఆ పేరును యూరప్ హకీములు ఏ వస్తువు సారానికైనా వాడుతూ పోయారు. 16వ శతాబ్దంలో అది శరాబ్ సారానికి కూడా వచ్చింది, తర్వాత దాని మీదే స్థిరపడింది. బట్టీకి ఉన్న 'అలెంబిక్' అనే పేరు 'అల్ అంబీఖ్' నుంచి వచ్చింది. ఆ మాటను అరబ్బులు గ్రీకుల దగ్గర తీసుకున్నారు, గ్రీకుల దగ్గర ఆ పాత్రా ఉండేది. 9వ శతాబ్దంలో బగ్దాద్‌లో అల్ కిందీ ఇత్తర్ల మీద ఒక కితాబ్ రాశారు. అందులో వందకు పైగా నుస్ఖాలున్నాయి. ఆ జమానాలో అంబీఖ్ పని ఎక్కువగా ఖుష్బూ కోసం, దవా కోసం. శరాబ్‌ను ఆవిరి పట్టిన ప్రస్తావనలూ అరబ్బీ కితాబుల్లో కనిపిస్తాయి, దాచాల్సిన పని లేదు.

ఇంకో మాట 'అరఖ్'. మన ఇళ్ళలో అర్ఖె గులాబ్ అంటామే, అదే. అరబ్బీలో అరఖ్ అంటే చెమట. అంబీఖ్ మూత మీద ఆవిరి చల్లబడి బొట్లు బొట్లుగా పట్టేది చెమటలాగే కనిపిస్తుంది, అందుకే ఆ పేరు. ఇంగ్లీషువాళ్ళ 'అరాక్' కూడా ఇదే మాట. అసలు కథ ఈ చెమట దగ్గరే ఉంది. దానికి మనం జమైకా దాకా వెళ్ళాలి.

అంతకు ముందు కొంచెం కీమియా. పండిన అరటిపండు, అనాసపండు వాసనల్లో ఎక్కువ భాగం 'ఎస్టర్' అనే పదార్థాలది. తేజాబ్, ఆల్కహాల్ కలిస్తే ఎస్టర్ పుడుతుంది. 1848లో జర్మన్ శాస్త్రవేత్త గ్మెలిన్ ఈ పేరు పెట్టాడు. అది 'ఎస్సిగ్ ఈథర్' అనే మాటను కుదించింది. ఎస్సిగ్ అంటే సిర్కా! మనం దస్తర్‌ఖాన్ మీద హలాల్‌గా పెట్టుకునే సిర్కాలోని తేజాబ్ పేరు మీదే ఈ ఖాందాన్‌కు పేరు పడింది. వెన్న ముక్కిపోతే ముక్కు మూసుకునే వాసన వస్తుంది కదా, అది బ్యుటిరిక్ అనే తేజాబ్. అదే తేజాబ్ ఆల్కహాల్‌తో కలిస్తే అనాస వాసన అవుతుంది. బద్‌బూ నుంచి ఖుష్బూ!

జమైకా రమ్ముకు పేరు తెచ్చింది సరిగ్గా ఈ కీమియానే. 1655లో ఇంగ్లీషువాళ్ళు ఆ దీవిని స్పెయిన్ నుంచి లాక్కున్నారు. దీవి అంతా చెరకు వేశారు. చక్కెర తీయగా మిగిలిన మొలాసిస్‌ను పులియబెట్టి రమ్ కాచారు. బట్టీలో అడుగున మిగిలే పుల్లటి నీళ్ళను 'డండర్' అంటారు. దాన్ని పారబోయకుండా మళ్ళీ కొత్త సరుకులో కలిపారు. కొన్ని ఎస్టేట్లలో గుంతలు తవ్వి, అందులో డండర్ మడ్డి, చెరకు పిప్పి వేసి నెలల తరబడి కుళ్ళనిచ్చారు. ఆ గుంతలో బాక్టీరియా పని చేసి బ్యుటిరిక్ లాంటి తేజాబులు తయారుచేసేది. ఆ బురదను కొంచెం పులుస్తున్న మొలాసిస్‌లో కలిపితే, బట్టీ వేడిలో అవి ఆల్కహాల్‌తో కూడి ఎస్టర్లయ్యేవి. ఖమీర్‌తో ఆల్కహాల్, గుంతతో తేజాబ్. హునర్ మొత్తం ఈ రెంటినీ కలపడంలో ఉంది.

ఇంత ఘాటు వాసన ఎవరికి కావాలి? జర్మనీకి. 19వ శతాబ్దం చివర్లో జర్మనీ బయటి రమ్ము మీద పన్ను బాగా పెంచింది. అప్పుడు వ్యాపారులు తోవ కనిపెట్టారు: ఎస్టర్లు విపరీతంగా ఉన్న రమ్ము కొంచెమే తెప్పించి, అక్కడి చవక స్పిరిట్‌లో కలిపి అమ్మడం. దీన్ని 'రుమ్ ఫెర్ష్నిట్' అన్నారు. అంటే ఆ గుంతల ఘాటు వెనక పన్ను ఎగవేసే హిసాబ్ కూడా ఉంది. ఇప్పటికీ జమైకాలో హాంప్డెన్ అనే ఎస్టేట్ 100 లీటర్ల శుద్ధ ఆల్కహాల్‌కు 1,500 నుంచి 1,600 గ్రాముల ఎస్టర్లున్న రమ్ కాస్తుంది. దాన్ని తాగడానికి కన్నా వేరే రమ్ములకూ, మిఠాయిలకూ వాసన పట్టించడానికే ఎక్కువ వాడారు.

తర్వాత శాస్త్రవేత్తలు వచ్చారు. 1895లో ఫిషర్, స్పైయర్ తేజాబ్, ఆల్కహాల్ కలిపి ఎస్టర్ చేసే పద్ధతిని ప్రయోగశాలలో తేల్చారు. 1945లో ప్యూర్టోరికోలో రఫాయెల్ అరోయో ఆ గుంత పనిని ఒక్క జాతి బాక్టీరియాను పెంచి చేయవచ్చని రాశాడు. వీళ్ళ పేర్లు కితాబుల్లో ఉన్నాయి. గుంతలోకి దిగి పారపట్టినవాళ్ళ పేర్లు లేవు.

వాళ్ళు ఎవరు? 1838లో పూర్తి ఆజాదీ వచ్చేవరకు ఆఫ్రికా గులాములు. వాళ్ళు కాచిన రమ్మే ఆఫ్రికా తీరంలో ఇంకొందరు గులాములను కొనడానికి సరుకయ్యింది. వాళ్ళలో ముస్లింలు కూడా ఉన్నారు. టింబక్టులో పుట్టిన అబూబక్ర్ అస్సిద్దీఖ్ యుద్ధంలో పట్టుబడి జమైకాలో అమ్ముడుపోయారు. మాలిక్ హిసాబ్‌ను అరబ్బీ లిపిలో రాసేవారు. 1834లో రిచర్డ్ మాడెన్ అనే మేజిస్ట్రేట్ పూనుకోవడంతో విడుదలై, తన జీవితకథను అరబ్బీలోనే రాసి పెట్టారు. ఆయన పని బట్టీ దగ్గర కాదు. ఆ దీవిలోని వేలమంది గులాముల్లో కలం పట్టగలిగిన అతి కొద్దిమందిలో ఆయన ఒకరు.

గులాములు వెళ్ళిపోయాక ఎస్టేట్లకు మజ్దూర్లు కావాల్సొచ్చింది. 1845 మే 10న 'బ్లండెల్' అనే ఓడ మన హిందూస్తానీ గిర్మిట్ కూలీలతో జమైకా చేరింది. 1917 దాకా సుమారు 36 వేలమంది వెళ్ళారు. వాళ్ళతోపాటు ముహర్రం తాజియాలు కూడా వెళ్ళాయి, అక్కడ దానిపేరు 'హొసే'. హుసేన్ పేరు అలా మారింది. గయానా చెరకు తోటలకు మద్రాసు రేవు నుంచి వెళ్ళిన కూలీల్లో తెలుగువాళ్ళూ ఉన్నారు. అక్కడా చక్కెరే, అక్కడా రమ్మే.

ఒక్క నిమిషం ఆ ముస్లిం కూలీ వైపు నుంచి ఆలోచించండి. తన దీన్ హరామ్ అన్న దాన్ని తయారుచేసే చోట రోజీ. గిర్మిట్ కాగితం మీద వేలిముద్ర పడింది కాబట్టి మధ్యలో పని మానేస్తే జైలు. ఇవాళ మనం ఆయన్ని ఎలా తూకం వేస్తాం?

పిల్లలు "అబ్బా, ఆల్కహాల్ అరబ్బీ మాటేనా?" అని అడిగితే అవునని చెప్పండి. సుర్మా గురించి, ఇత్తర్ గురించి, సిర్కా గురించి చెప్పండి. ఇల్మ్ ఎక్కడెక్కడికి పోతుందో చెప్పండి. అరఖ్ అంటే చెమట అని కూడా చెప్పండి. అది ఎవరి చెమటో, ఏ ఓడలో వచ్చినవాళ్ళదో వాళ్ళకు తెలియాలి.