అణాకొక దోమ : మన ఊళ్లో పుట్టిన సైన్సు పాఠం

కొన్నేళ్ల కిందట మా ఉర్దూ మీడియం తరగతిలో ఒక అబ్బాయి "మలేరియా ఎట్లా వ్యాపిస్తుంది?" అన్న ప్రశ్నకు చక్కగా జవాబు రాసి పూర్తి మార్కులు తెచ్చుకున్నాడు. మరుసటి వారమే జ్వరంతో బడి మానేశాడు. చూసి రావడానికి వెళితే, వాకిట్లో మూతలేని నీళ్ల డ్రమ్ము నిండా దోమపిల్లలు. ఇవేమిటని అడిగాము. "పానీ కే కీడే సార్, కుఛ్ నై కర్తే" అన్నాడు. జవాబు నోటికి వచ్చు, దోమపిల్లను గుర్తుపట్టడం రాదు. తప్పు వాడిది కాదు, మాది. పాఠం చెప్పాము గాని డ్రమ్ము చూపించలేదు.

విచిత్రమేమంటే ఆ పాఠం పుట్టింది మనకు దగ్గర్లోని బేగంపేటలోనే. చిత్తడి నేలల చెడుగాలి వల్లనే మలేరియా వస్తుందని పూర్వం నమ్మేవారు. ఆ ఇటాలియన్ మాటకు అర్థమే చెడుగాలి. 1895లో సికింద్రాబాదులో సైనిక వైద్యుడు రొనాల్డ్ రాస్ దోమలను కోసి పరీక్షించడం మొదలుపెట్టాడు. రెండేళ్లయినా ఫలితం లేదు, ఎందుకంటే ఆయన చూస్తున్నది వేరే జాతి దోమలను. 1897 ఆగస్టులో రెక్కల మీద మచ్చలున్న దోమలు చేతికి వచ్చాయి. హుసేన్ ఖాన్ అనే మలేరియా రోగి వాటిచేత కుట్టించుకున్నాడు. కుట్టిన ఒక్కో దోమకు ఒక అణా కూలి. ఆగస్టు 20న అటువంటి దోమ కడుపు గోడలో మలేరియా క్రిమి మైక్రోస్కోపు కింద కనిపించింది. 1902లో రాస్‌కు నోబెల్ బహుమతి వచ్చింది. రాస్ పేరు లోకానికంతా తెలుసు. హుసేన్ ఖాన్ పేరు మనలో ఎందరికి తెలుసు?

ఆ జ్వరం సంగతి తర్వాత మేము పద్ధతి మార్చుకున్నాము. పిల్లలను తమ ఇంటి తొట్లలోని నీళ్లు గాజు సీసాల్లో తెమ్మన్నాము. మూతికి పల్చని గుడ్డ కట్టి రోజూ చూడమన్నాము. నీటిమట్టానికి సమాంతరంగా తేలేవి మలేరియా మోసే అనాఫిలిస్ పిల్లలు. తల కిందికి వేలాడేవి క్యూలెక్స్, లేదా డెంగీ తెచ్చే ఈడిస్. గుడ్డు నుంచి రెక్కల దోమ కావడానికి సుమారు వారం పది రోజులు పడుతుంది. "మరైతే వారానికొకసారి తొట్టి ఖాళీ చేసి తోమి ఆరబెడితే దోమే పుట్టదు గదా సార్!" అన్నది ఒక అమ్మాయి. ఆ మాట మేము చెప్పలేదు. తనే చూసి, లెక్క కట్టి చెప్పింది.

శాస్త్రీయ దృక్పథాన్ని పెంపొందించుకోవడం పౌరుల ప్రాథమిక విధి అని 1976లో మన రాజ్యాంగంలో చేర్చారు. ఆ దృక్పథమంటే పెద్ద ప్రయోగశాల కాదు. అనుమానం వస్తే పరీక్షించడం, పొరపాటు తేలితే దారి మార్చడం. రాస్ చేసిందీ అదే, ఆ అమ్మాయి చేసిందీ అదే.

తల్లిదండ్రులకు మా మనవి ఒక్కటే. మీ పిల్లలు సీసా పట్టుకొని నీళ్ల డ్రమ్ములోకి తొంగి చూస్తుంటే కసురుకోకండి. వాళ్లు చదువుతున్నారు.