ఇంటిపేరు మార్కోనీ

రెండు రక్షణరంగ కంపెనీలు ఒకటైతే ఎవరి ఇంటిపేరు ఉండాలి? ఈ పంచాయితీనే మేనేజ్‌మెంట్ వాళ్ళు ముద్దుగా బ్రాండ్ ఆర్కిటెక్చర్ అంటారు.

బ్రిటన్‌లో మార్కోనీ సంగతే చూడండి. 1897లో పుట్టిన కంపెనీ. 1912లో టైటానిక్ మునుగుతుంటే సాయం కోసం వైర్‌లెస్ సందేశాలు పంపిన ఆపరేటర్లు దాని ఉద్యోగులే. 1968లో అది జీఈసీ చేతికొచ్చింది.

1999లో జీఈసీ తన రక్షణ వ్యాపారాన్ని, అంటే రాడార్లూ యుద్ధనౌకలూ చేసే భాగాన్ని, బ్రిటిష్ ఏరోస్పేస్‌కి అమ్మేసింది. మార్కోనీ పేరు మాత్రం ఇవ్వలేదు. తనే ఆ పేరు పెట్టుకుని టెలికాం మీద పందెం కాసింది. కొన్నవాళ్ళేమో పాత పేర్లు పక్కనపెట్టి, బీఏఈ సిస్టమ్స్ అనే కొత్త ఇంటిపేరు కిందకి అన్నీ చేర్చారు.

2001లో టెలికాం బుడగ పేలింది. మార్కోనీ షేరు కుప్పకూలింది, వేలమంది ఉద్యోగాలు పోయాయి. 2005లో ఎరిక్‌సన్‌తో బేరం కుదిరింది. వ్యాపారంలో చాలా భాగంతోపాటు ఆ పేరూ అమ్ముడుపోయింది. రాడార్ల పని మాత్రం బీఏఈలో సాగుతూనే ఉంది.

వందేళ్ళ పేరు ఉన్నచోట కంపెనీ నిలవలేదు. పని వెళ్ళినచోట ఆ పేరు లేదు. విజిటింగ్ కార్డు మీద పెద్ద పేరు చూసుకుని మురిసిపోయే మనలాంటివాళ్ళం, అసలు పని ఎటు పోతోందో కూడా ఓ కన్నేసి ఉంచడం మంచిది. ఏమంటారు?